అమెరికా అబ్బాయికి కొబ్బరి తోట రాసివ్వొచ్చా?

ప్రశ్న: నా వయసు 76. రిటైర్డ్ టీచర్ని. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. జీతం డబ్బుతో కొన్న 2 ఎకరాల కొబ్బరి తోట, 1981లో అన్నదమ్ముల పంపకాల్లో నా వాటాకి వచ్చిన పెంకుటిల్లు ఉన్నాయి. మా ఆవిడకి పుట్టింటివారు పసుపు కుంకుమ కింద రిజిస్టర్ చేయించి ఇచ్చిన 80 సెంట్ల చేను ఉంది. ఈమధ్య ఆవిడకి మతిమరుపు మొదలైంది. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మాయిది పాలకొల్లు. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నీ తన పేర రిజిస్టర్ చేయమంటున్నాడు అబ్బాయి. చెల్లికి కట్నం ఇచ్చాం కాబట్టి ఆమెకి వాటా లేదంటాడు. రేపు వాడు చూడకపోయినా సీనియర్ సిటిజన్ల చట్టం కింద వెనక్కి తీసుకోవచ్చని మావాళ్లు ధైర్యం చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, తోట, చేను మీ అబ్బాయికి దఖలు (గిఫ్టు దస్తావేజు) రాయకండి. పంపకం న్యాయమా కాదా అన్నది తర్వాత సంగతి, ముందు అది చట్టం ఒప్పుకోని పని. ఉద్యోగం మీద విదేశంలో స్థిరంగా ఉంటున్న వాళ్లు, పాస్‌పోర్టు ఇండియాదే అయినా సరే, ఇక్కడ వ్యవసాయ భూమిగానీ తోటగానీ కొనకూడదు, గిఫ్టుగా తీసుకోకూడదు. విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) కింద 2019లో వచ్చిన రూల్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. వారసత్వంగా వస్తే మాత్రం అభ్యంతరం లేదు. వీలునామా ద్వారా వచ్చినా అది వారసత్వమే. రిజిస్ట్రేషన్ రోజున ఈ విషయం ఎవరూ అడక్కపోవచ్చు. కానీ పదేళ్ల తర్వాత తోట అమ్మి ఆ డబ్బు అమెరికాకి తీసుకెళ్లాలనుకున్నప్పుడు బ్యాంకు కాగితాలు అడుగుతుంది. అప్పుడు ఇబ్బంది పడేది మీ అబ్బాయే. ఈ ఒక్క ముక్క ఆయనకి చెబితే సగం టెన్షన్ తగ్గుతుందనుకుంటాను.

ఇక మీవాళ్లు చెబుతున్న ధైర్యం. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ఆస్తి వెనక్కి రావాలంటే, ఇచ్చేటప్పుడే ‘మా పోషణ, అవసరాలు చూడాలి’ అన్న షరతు ఉండాలి. మన దస్తావేజు రైటర్లు ఏం రాస్తారు? ‘నీయందు గల ప్రేమాభిమానముల చేత’ అని రాసి ఊరుకుంటారు. అందులో షరతు ఏదీ? షరతు లేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో కాస్త ఉదారంగా చూసి తల్లి రాసిన గిఫ్టును రద్దు చేసింది. కానీ అక్కడ కొడుకు ఆమెను చూసుకుంటానని రాసిచ్చిన కాగితం విడిగా ఉంది. షరతు ఉన్నా దరఖాస్తు పట్టుకుని ఆర్డీవో దగ్గరికి తిరగాలి, తర్వాత అప్పీలు కలెక్టర్ దగ్గర. ఎనభై ఏళ్ల వయసులో కన్న కొడుకు మీద పిటిషన్ వేసి గెలవడాన్ని నేను ప్లాన్ అనను.

కాబట్టి వీలునామా రాయండి. బతికున్నంత కాలం తోట మీదే, కొబ్బరికాయల దింపు డబ్బులు మీవే. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. కదల్లేని స్థితి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చే ఏర్పాటు కూడా ఉంది. అయితే రిజిస్టర్ అయింది కదా ఇక తిరుగులేదనుకోవద్దు. రేపు కోర్టులో వీలునామా నిలబెట్టాల్సింది సాక్షులు. ఇద్దరు ఉండాలి, మీరు సంతకం చేయడం చూసి వాళ్లూ చేయాలి. మీ ఈడు స్నేహితుల్ని పెట్టకండి. మీకంటే పాతికేళ్లు చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు, ఆస్తిలో ఏమీ రానివాళ్లయితే మంచిది.

తోట మీ స్వార్జితం, ఎవరికైనా రాయొచ్చు. ఏమీ రాయకుండా పోతే మీ భార్యకి, అబ్బాయికి, అమ్మాయికి సమానంగా వెళ్తుంది. ఇంటి సంగతి వేరు. పంపకాల్లో వచ్చింది పెద్దల ఆస్తి అయితే, అందులో మీ అబ్బాయికీ అమ్మాయికీ పుట్టుకతోనే హక్కు ఉంది. 2005 సవరణ తర్వాత కూతురు కొడుకుతో సమానమని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చేసింది. కట్నం ఇచ్చామన్న మాట ఈ హక్కుకి అడ్డు రాదు. పైగా కట్నం ఇవ్వడం 1961 నుంచీ నేరం. దాన్ని లెక్కగా చూపించి చెల్లి వాటా కొట్టేయాలనుకోవడం నాకైతే నచ్చలేదు. ఇంట్లో మీ వాటా వరకే వీలునామా రాయగలరు.

మీ తర్వాత తోట ఆదాయం ఆవిడ ఉన్నన్నాళ్లు ఆవిడకి, ఆ తర్వాత పిల్లలకి అని రాయాలనుకుంటే, ఆ వాక్యం మాత్రం వకీలు చేతే రాయించండి. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల భార్యకిచ్చిన జీవితకాలపు హక్కు కొన్ని సందర్భాల్లో పూర్తి హక్కుగా మారిపోతుంది. వీలునామా అమలు బాధ్యత దగ్గరలో ఉన్న అమ్మాయికి అప్పగించండి. బ్యాంకు డిపాజిట్లకి నామినీ ఎవరైనా, డబ్బు అందుకోవడం వరకే అతని పని. ఎవరికి చెందాలన్నది వీలునామాలో ఉండాలి.

అన్నిటికంటే తొందర పడాల్సింది ఆవిడ చేను విషయంలో. పసుపు కుంకుమ భూమి పూర్తిగా ఆవిడదే, మీరు గానీ అబ్బాయి గానీ ఆవిడ తరఫున రాయలేరు. వీలునామా లేకపోతే అది మీకూ పిల్లలిద్దరికీ సమానంగా వస్తుంది. ఆవిడ మనసులో అదే ఉంటే ఏ కాగితమూ అక్కర్లేదు. వేరేగా ఉంటే ఇప్పుడే రాయాలి. తాను ఏం రాస్తున్నదీ తెలిసే స్థితి పోయాక చేసిన సంతకం చెల్లదు, అంతకుముందు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా రద్దయిపోతుంది. అప్పుడు ఆ చేను మీద ఏం చేయాలన్నా హైకోర్టులో రిట్ వేసి సంరక్షకుణ్ణి నియమించుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. మతిమరుపు మొదలైనంత మాత్రాన రాసే అర్హత పోదు. ఈ నెలలోనే మంచి న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించి, ఆస్తిపాస్తులు, పిల్లలు, తన ఇష్టం చెప్పగల స్థితిలో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకోండి. అదే వారంలో, మీరు గానీ పిల్లలు గానీ గదిలో లేకుండా, ఆవిడ చెబితే రాయించండి. ఇద్దరికీ కలిపి ఒకే వీలునామా వద్దు, ఎవరిది వారికే. అబ్బాయి వచ్చేదాకా ఆగకండి.