బ్రెస్ట్ ఇంప్లాంట్ 275 సీసీనా, 375 సీసీనా? చిట్టీ పాడే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: అక్కా, నాకు 35 ఏళ్లు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. జీతం చేతికి 46,000 వస్తుంది. మా ఆయనకు మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ షాపు ఉంది, నెలకు 30,000 దాకా మిగులుతుంది. ఇద్దరు పిల్లలు. ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ కూడా అయిపోయింది. రెండేళ్లలో 102 కిలోల నుంచి 67కి తగ్గాను. నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాను. బరువు తగ్గింది కానీ ఛాతీ మొత్తం జారిపోయింది, చర్మం మాత్రమే మిగిలినట్టుంది. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జన్‌ను కలిశాను. జారిన ఛాతీని పైకి ఎత్తి సర్దే లిఫ్ట్ ఒక్కటే అయితే 1,70,000, లిఫ్ట్‌తో పాటు లోపల సిలికాన్ ఇంప్లాంట్ కూడా పెడితే 2,90,000 అన్నారు. ఇంప్లాంట్ సైజులు 275 సీసీ (అంటే మిల్లీలీటర్లు), 375 సీసీ రెండూ పెట్టి చూపించారు. రెండిటికీ రేటు ఒకటే. "అంతే డబ్బు పెడుతున్నప్పుడు పెద్దదే పెట్టించుకోండి, తర్వాత చిన్నగా అనిపిస్తుంది" అని అక్కడి కౌన్సెలర్ చెప్పింది. మాకు 5 లక్షల చిట్టీ ఉంది. నెలకు 20,000 చొప్పున 25 నెలలు, ఇప్పుడు 9వ నెల. అసలైతే అది షాపుకు ఇంకో మడిగె అడ్వాన్స్ కోసం అనుకున్నాం. లక్ష పోయినా సరే, ఈ నెలే పాడేద్దాం అంటున్నాడు మా ఆయన. చిట్టీ, ఇంటి ఖర్చులు పోగా నెలకు 15,000 మిగులుతుంది. బ్యాంకులో 1,20,000 ఉన్నాయి. ఆపరేషన్ తేదీ కోసం 10,000 అడ్వాన్స్ కట్టాను. ఏ సైజు తీసుకోవాలి, డబ్బు ఎట్లా సర్దుకోవాలి? ఇది సోకుల ఖర్చు అని మా అత్తమ్మ అంటున్నది. నిజమేనా?

జవాబు: మీ అత్తమ్మ మాటతో మొదలుపెట్టి అక్కడితో వదిలేద్దాం. ముప్పై అయిదు కిలోలు తగ్గిన మనిషి తన ఒంటిని సరిచేసుకోవాలనుకోవడం సోకో, అవసరమో తేల్చడం నా పని కాదు. సంపాదిస్తున్నారు, దాచుకోగలరు, ఖర్చు పెట్టుకునే హక్కు మీకుంది. ఆ ఖర్చు ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నదే నా లెక్క.

సైజు సంగతి డాక్టర్‌దే కదా అని మీరు అనుకోవచ్చు. వైద్యం వరకు సర్జన్‌దే. కానీ రెండు సైజులకూ రేటు ఒకటే అన్న మాట దగ్గరే మీరు డబ్బు విషయంలో దారి తప్పే ప్రమాదం ఉంది. ఆ రేటు మొదటి రోజుది మాత్రమే. పెద్ద సైజుకు అసలు ధర తర్వాతి పదేళ్లలో మీ చర్మం మీద పడుతుంది, ఆ తర్వాత మీ పాస్‌బుక్ మీద పడుతుంది.

ఎట్లాగో చెప్తాను. సిలికాన్ జెల్ ఇంప్లాంట్ ఒక సీసీ దాదాపు ఒక గ్రాము బరువు ఉంటుంది. 375 సీసీవి రెండూ కలిపితే ముప్పావు కిలో. 275 సీసీవి 550 గ్రాములు. మధ్యలో తేడా 200 గ్రాములే కదా అనిపిస్తుంది. అయితే చాలా బరువు తగ్గిన వాళ్ల చర్మంలో సాగి మళ్లీ బిగుసుకునే గుణం బాగా తగ్గిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి సాగిన చర్మం ఆ బరువును పట్టి ఉంచలేక మళ్లీ జారుతుంది. అప్పుడు మళ్లీ లిఫ్ట్, మళ్లీ థియేటర్, మళ్లీ అనస్థీషియా. అందుకే ఇలాంటి చర్మం ఉన్నవాళ్లకు చాలామంది సర్జన్లు సైజు విషయంలో వెనక్కే లాగుతారు. కొందరైతే రెండు దశల్లో చేద్దామంటారు. ముందు లిఫ్ట్ ఒక్కటే చేసి, కొన్ని నెలలు మాననిచ్చి, అప్పటికీ నిండుదనం చాలదనిపిస్తే ఇంప్లాంట్ పెడతారు. మీ కౌన్సెలర్ ఇవేవీ మీతో మాట్లాడినట్టు లేదు. ఆమె హాస్పిటల్ ఉద్యోగి, సర్జన్ కాదు. సైజు గురించి ఆమె చెప్పిన మాటను అమ్మకం మాటగానే తీసుకోండి.

ఒకటి ఇంట్లోనే చేసి చూడవచ్చు. కొలత గ్లాసుతో 275 మిల్లీలీటర్ల బియ్యం జిప్ కవర్లో పోసి, మెత్తటి బ్రాలో పెట్టుకుని, మీద రోజూ తొడిగే డ్రెస్ వేసుకోండి. ఆకారం తెలుస్తుంది. బరువు తెలియాలంటే మాత్రం బియ్యం పనికిరావు, ఎందుకంటే అదే కొలత నీళ్లకంటే అవి తేలిక. నీళ్లు నింపిన కవర్లే పెట్టుకోండి. ల్యాబ్ నుంచి వచ్చాక, వంట చేస్తూ, మెట్లెక్కుతూ, రెండు మూడు సాయంత్రాలు అట్లాగే ఉండండి. తర్వాత 375తో కూడా చూడండి. క్లినిక్ అద్దం ముందు పది నిమిషాలు నిలబడి తీసుకున్న నిర్ణయం కంటే ఇది నయం. సర్జన్ దగ్గర "ఇన్ని సీసీలు కావాలి" అనో, "ఫలానా కప్పు సైజు కావాలి" అనో పట్టుబట్టకండి. కప్పు సైజు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మీ ఛాతీ వెడల్పు ఎంత, దానికి సరిపోయే ఇంప్లాంట్ వెడల్పు ఎంత అన్నది సర్జన్ కొలిచి చెప్పాలి. "నా చర్మం దీన్ని ఎన్నేళ్లు మోస్తుంది?" అని సూటిగా అడగండి.

ఇంకో మాట. అసలు ఇంప్లాంట్ లేకుండానే, మీ ఒంట్లో మిగిలిన సొంత కణజాలాన్నే మడిచి లోపల నిండుదనంగా సర్దే పద్ధతి ఒకటి ఉంది. పక్కటెముకల వైపు వేలాడే అదనపు భాగాన్ని కూడా కొందరికి అందులో వాడతారు. మీ ఒంటికి అది కుదురుతుందో లేదో సర్జన్ చూసి చెప్పాలి. కుదిరితే, డబ్బు లెక్కన దాన్ని మించింది లేదు. ఎందుకంటే ఇంప్లాంట్ అన్నది ఒకసారి కొని మరిచిపోయే వస్తువు కాదు.

అవి జీవితకాలం ఉండే పరికరాలు కావని, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ స్పష్టంగానే చెబుతుంది. సిలికాన్‌వి పెట్టుకున్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేకపోయినా అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించాలన్నది దాని 2020 నాటి సూచన. లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు కాబట్టి ఆ స్కాన్. చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి నొప్పి పుట్టినా, ఇంప్లాంట్ చిరిగినా, జరిగినా మళ్లీ ఆపరేషన్ తప్పదు. పదేళ్లు నిండగానే అందరూ తీయించుకోవాలనేం లేదు. కానీ 35 ఏళ్లకు పెట్టించుకుంటే ఎప్పుడో ఒకప్పుడు రెండో ఆపరేషన్ ఉంటుందనే లెక్కలో వేసుకోవాలి. ఇప్పటి 3 లక్షల పని ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగితే 12 ఏళ్లకు 6,75,000 దాటుతుంది. 7 శాతం వడ్డీ వచ్చే చోట నెలకు 3,000 చొప్పున 12 ఏళ్లు వేస్తే దాదాపు అంత తయారవుతుంది. అంటే ఇంప్లాంట్ పెట్టించుకున్న నెల నుంచే మీ ఇంటి బడ్జెట్‌లో 3,000 రూపాయల కొత్త పద్దు మొదలైనట్టు. లిఫ్ట్ ఒక్కటే అయితే ఈ పద్దు లేదు. వయసుతో అదీ కొంత జారుతుంది, అది వేరే సంగతి.

ఇక ఇప్పటి ఖర్చు. 2,90,000 అన్నారు, అందులో జీఎస్టీ ఉందా? పుట్టుకతో వచ్చిన లోపానికో, దెబ్బకో, గాయానికో చేసేది తప్ప కాస్మెటిక్ సర్జరీకి వైద్యసేవల మినహాయింపు వర్తించదు, 18 శాతం పడుతుంది. విడిగా అయితే 52,200. పరీక్షలు, మందులు, ఆపరేషన్ తర్వాత వేసుకునే సపోర్ట్ బ్రాలు, జడ్చర్ల నుంచి హైదరాబాద్‌కు చెకప్‌ల రాకపోకలు కలిపి 20,000 వేసుకోండి. బరువులెత్తే పని కొన్ని వారాలు కుదరదు. మీ సెలవులు చాలక జీతంలో కోత పడితే 15,000. మొత్తం 3,77,200. ఇదే పద్ధతిలో లిఫ్ట్ ఒక్కటి 2,35,600. రెండిట్లో దేనికైనా ఏదన్నా తేడా వస్తే వాడుకోవడానికి 75,000 పక్కన ఉండాలి. అది మీ బ్యాంకులోని 1,20,000 లోంచే. అందుకని ఆ డబ్బును ఆపరేషన్ బిల్లుకు ముట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మన హెల్త్ పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం, లేదా ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పును తొలగించడానికి డాక్టర్ అవసరమని ధ్రువీకరించింది మాత్రమే ఆ మినహాయింపు కిందికి రాదు. ఛాతీ కింది మడతల్లో నిజంగానే తరచూ పుండ్లు పడుతుంటే ఆ వైద్యం కాగితాలతో ముందుగానే రాసి అడగవచ్చు, కానీ ఇంప్లాంట్‌కు ఇస్తారని అనుకోను. "డాక్టర్‌తో వేరే రోగం రాయిద్దాం" అనే సలహా ఎవరన్నా ఇస్తే వినకండి. అది మోసపు క్లెయిమ్ అవుతుంది, ఉన్న పాలసీ కూడా పోతుంది. పన్నులో కూడా ఏమీ తగ్గదు. పన్ను తగ్గింపు ఆరోగ్య బీమా ప్రీమియానికే తప్ప ఇలాంటి ఆపరేషన్ బిల్లుకు కాదు.

చిట్టీ విషయం కొంచెం నిదానంగా చూద్దాం, మీ ఆయనకు కూడా చదివి వినిపించండి. ఈ నెల లక్షకు పాడితే చేతికి 4 లక్షలు వస్తాయి. కంపెనీ కమీషన్ 5 శాతం అనుకుంటే, చివరి నెల దాకా ఆగినవాళ్లకు 4,75,000 వస్తుంది. ఇప్పుడు పాడితే 16 నెలల ముందు 4 లక్షలు తీసుకుని 75,000 వదులుకుంటున్నారు. లెక్కవేస్తే ఏడాదికి 14 శాతం దగ్గర పడుతుంది, అంటే పర్సనల్ లోన్ వడ్డీకి తక్కువేం కాదు. పైగా షూరిటీలు పెట్టాలి. మన ఊళ్లలో జమానత్ సంతకం అడిగితే "దేనికి బిడ్డా?" అని అడగకుండా ఎవరూ పెట్టరు. మీరు చెప్పదలచుకోని సంగతి అక్కడ చెప్పాల్సి వస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, బిల్లు కట్టగా మిగిలిన డబ్బు చేతిలో ఆడుతూ ఉంటే మడిగె అడ్వాన్స్ కథ అక్కడితో సరి. మడిగె అద్దె తెచ్చే పని, లేదా వ్యాపారం పెంచే పని. దాన్ని కదిలించకండి.

హాస్పిటల్ వాళ్ల ఈఎంఐ కూడా ఇదే బాపతు. 3 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,250 చొప్పున వడ్డీయే 69,000 అవుతుంది. బంగారం కుదువపెడితే వడ్డీ తక్కువ పడవచ్చు కానీ, ఏడాదిలో ఒకేసారి విడిపించే స్కీమ్ అయితే మీ 15,000 మిగులుతో మీరు విడిపించలేరు.

మరి ఏం చేయాలి? మీ 15,000ను ఈ నెల నుంచే ఆర్డీలో వేయండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే, చిట్టీ ముగిసే 16 నెలలకు 2,51,000 అవుతుంది. లిఫ్ట్ ఖర్చు 2,35,600 అన్నాం కదా, ఒక్క రూపాయి అప్పు లేకుండా అయిపోతుంది. అప్పటికి మీ బరువు ఇరవై నెలలు ఒకేచోట నిలబడినట్టు రుజువవుతుంది. బరువు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నిలకడగా ఉండాలని సర్జన్లు అడిగేది ఊరికే కాదు. ఎనిమిది పది కిలోలు అటు ఇటు అయితే ఛాతీ కొలత మారిపోతుంది, ఇవాళ ఎంచుకున్న సైజు రేపటి ఒంటికి సరిపోదు. నాలుగు నెలలు చాలవు. లిఫ్ట్ మానాక అద్దంలో చూసుకుని, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ఇంప్లాంట్‌కు దాచడం మొదలుపెట్టండి. చిట్టీ వాయిదా కూడా లేదు కాబట్టి ఏడాదిలోపే డబ్బు కూడుతుంది. రెండుసార్లు థియేటర్ ఖర్చు పడుతుంది, అది నిజం. అయితే రెండోది మీకు అక్కరలేకనే పోవచ్చు, పడినా చిన్న సైజు దగ్గరే ఆగవచ్చు.

అంత కాలం ఆగలేను, ఒకేసారి రెండూ కావాలంటారా? అప్పుడు కూడా ఏడాది దాచిన తర్వాతే వెళ్లండి. 1,86,000 చేతిలో ఉంటుంది, మిగతా 1,91,200కే అప్పు. సైజు మాత్రం 275 దగ్గరో, సర్జన్ చెబితే అంతకంటే కిందనో. 375కి మాత్రం నేను మీ డబ్బు పెట్టించను.

ఏది చేయించుకున్నా, చేసే డాక్టర్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ/డీఆర్‌ఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా చూసుకోండి. ఇంప్లాంట్ పెట్టిస్తే సీరియల్ నంబర్ ఉన్న కార్డు అడిగి తీసుకుని ఇన్సూరెన్స్ కాగితాలతో పెట్టండి. 2019 జులైలో అల్లెర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది, అరుదైన ఒక లింఫోమా క్యాన్సర్‌తో వాటికి సంబంధం కనిపించడం వల్ల. తమ ఒంట్లో ఉన్నది ఏ రకమో ఆ కార్డు ఉన్నవాళ్లకే వెంటనే తెలుస్తుంది. వారంటీ కాగితం కూడా చదవండి. అది ఇంప్లాంట్ వస్తువుకు మాత్రమేనా, థియేటర్ ఖర్చు కూడా ఇస్తారా అన్నది అందులోనే ఉంటుంది.

మీరు కట్టిన 10,000 అడ్వాన్స్ గురించి. ఈ వారమే ఫోన్ చేసి తేదీ వెనక్కి జరపమనండి, జరిపినట్టు వాట్సాప్‌లోనైనా రాసి పంపమనండి. లిఫ్ట్ ఒక్కదానికీ, రెండిటికీ విడివిడిగా, జీఎస్టీతో కలిపి కొటేషన్లు అప్పుడే అడగండి. తేదీ మార్చం, అడ్వాన్స్ తిరిగివ్వం అంటే ఆ పది వేలు వదిలేసి వేరే సర్జన్‌ను చూసుకోండి.