రాళ్ళ మీదకి దిగే ముందు, అల్లుడికి

మంగమారిపేట,
ఆదివారం రాత్రి

ఒరేయ్ అల్లుడూ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చేశావట. ఇక మీద ఆల్చిప్పలు కొట్టి విశాఖ హోటళ్ళకి వేస్తానంటున్నావట. "నువ్వు చెబితేనే వింటాడురా తమ్ముడూ" అంది. సరే, గట్టిగా కసురుతానులే అక్కా అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో మాత్రం వేరే మాట అన్నాను. మన ఇంట్లో రాళ్ళ మీద పని నాతోనే ఆఖరు అనుకున్నాను, వీడొకడు మిగిలాడే అని. అది మీ అమ్మకి చెప్పకు.

ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

చిన్నవి ముందు అయిపోనీ. ఒంటరిగా దిగకు. తాగి అసలు దిగకు. నున్నగా పాచి పట్టిన రాయి మీద కాలు పెట్టకు. చిన్న చిన్న గుల్లలు అంటుకుని గరుకుగా ఉండే రాయి కాలు కోస్తుంది కానీ జారనివ్వదు, అదే మంచిది. కోసుకుంటే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడుగు. ఎర్రగా వాచితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు. పసుపు అద్దుకుని కూర్చోకు. నేను కూర్చుని పదిహేను రోజులు మంచం పట్టాను.

పోటు పాటుల టైము, అంటే నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో ఎప్పుడు దిగుతాయో, నీ ఫోన్లో వస్తుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ ఫోను చెప్పనిది ఒకటుంది. ఒకే అమావాస్య పాటు అయినా ఫిబ్రవరి, మార్చిలో బయటపడే రాయి అక్టోబరులో బయటపడదు. చలికాలం వెళ్ళేసరికి మన సముద్రం కిందికి దిగి ఉంటుంది, దసరా దీపావళికి పైకి లేచి ఉంటుంది. వేసవిలో నిలబడి కొట్టిన చోటే కదా అని కార్తీకంలో దిగితే మెడ దాకా వస్తుంది. ఇంకోటి. నీళ్ళు తిరిగిన మొదటి గంటలో పెద్దగా పెరిగినట్టు కనిపించవు. ఇంకా టైముందిలే అనిపిస్తుంది. ఎక్కాల్సిన నీళ్ళలో సగం మూడో గంటలో, నాలుగో గంటలో వచ్చి పడతాయి. పాటు ఆఖరుకి గంటన్నర ముందు దిగు, నీళ్ళు తిరగ్గానే పైకి వచ్చెయ్. సంచి నిండిందా లేదా అని చూడకు.

ఏప్రిల్, మే నెలల్లో గాలి ఉండదు, ఎండ కాస్తుంటుంది, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. అప్పుడే భయపడాలి. ఎక్కడో దక్షిణాన, వేల కిలోమీటర్ల అవతల గాలివాన రేపిన అలలు రోజుల తరబడి నడిచి మన రాళ్ళకి వచ్చి తగులుతాయి. పది నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత నాలుగైదు వరసగా వస్తాయి. కేరళ వాళ్ళు దాన్ని కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. ఇన్‌కాయిస్ అని, సముద్రాన్ని కనిపెట్టి చూసే సర్కారు ఆఫీసు వాళ్ళు హెచ్చరిక పెడతారు, చూసుకో. వాళ్ళ ఆఫీసు హైదరాబాద్‌లో ఉందని తెలిసి, సముద్రం లేని ఊళ్ళో కూర్చుని మనకి సముద్రం సంగతి చెబుతారా అని మొదట్లో నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. అయినా దిగే ముందు ఇరవై నిమిషాలు గట్టున కూర్చుని చూడు. బీడీ తాగే అలవాటు లేదు కాబట్టి నీకు ఊరికే కూర్చోవడం కష్టం, నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1987. స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజులు. విశాఖలో రష్యా వాళ్ళు ఉండేవారు, వాళ్ళకి ఆల్చిప్పలంటే ఇష్టమని ఒక హోటల్ వాడు వారానికి రెండుసార్లు ఇరవై కిలోలు అడిగేవాడు. నాకు ఇరవై రెండేళ్ళు. మీ తాతా నేనూ దిగేవాళ్ళం. వల సంచి నడుముకి కట్టుకుని, చేతిలో ఇనుప చువ్వ పట్టుకుని మునగడం. మీ తాత ఎప్పుడూ జారుముడే వేసేవాడు, కొస లాగితే ఊడిపోయేది. ముందు రోజు నా జారుముడి దానంతట అది ఊడిపోయి సంచి కొట్టుకుపోయింది. ఎనిమిది కిలోలు. గట్టు మీద అందరి ముందూ మీ తాత నన్ను చెడామడా తిట్టాడు. "సంచి కట్టుకోవడం చేతకానివాడివి మగాడివా" అన్నాడు.

మర్నాడు రోషంతో నైలాన్ తాడుకి పీటముడి వేశాను. ఒకటి మీద ఒకటి, రెండు.

పాటు అయిపోయింది. మీ తాత ఎక్కేశాడు, రమ్మని కేక వేశాడు. రాయి సందులో పిడికెడు కాదు, బుట్టెడు గుత్తి కనిపించింది. నడుము లోతు నీళ్ళలో, సముద్రానికి వీపు పెట్టి దాని పీచు తెంపుతున్నాను. అల వచ్చిన చప్పుడు కూడా వినలేదు. ఎత్తి రెండు రాళ్ళ మధ్య పడేసింది. నేను పైన, సంచి కింద సందులో ఇరుక్కుంది. తాడు బిగిసింది. అల వెనక్కి వెళ్ళినప్పుడు మూతి పైకి వచ్చేది, అల వచ్చినప్పుడు మునిగేది. ముడి విప్పబోతే తడి నైలాను రాయిలా ఉంది. కత్తి ఏదీ అంటే, సంచిలో ఉంది.

తలెత్తి చూస్తే మీ తాత రాయి మీద నిలబడి ఉన్నాడు. దూకడం లేదు. నా వైపు కూడా చూడటం లేదురా, సముద్రం వైపు చూస్తున్నాడు. నేను చావడానికి ఎదురు చూస్తున్నాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మూడు అలలు, నాలుగు, ఐదు. ఐదోది వెళ్ళాక దూకాడు, తాడు కోశాడు, మెడ పట్టుకుని లాగాడు. ఆ రాత్రి చెప్పాడు: "వరసలో దూకితే ఇద్దరం పోయేవాళ్ళం, మీ అమ్మకి ఎవరు మిగులుతారు?" నీతో వచ్చే కుర్రాళ్ళకి ఈ ముక్క నువ్వు ముందే చెప్పాలి. కళ్ళ ముందు మనిషి మునుగుతుంటే ఐదు అలలు లెక్కపెట్టి ఆగడం మునగడం కన్నా కష్టం. పొడుగాటి తాడొకటి, గాలి నింపిన ట్యూబొకటి గట్టు మీద ఉంచుకోండి. ముందు అది విసరాలి, ఆ తర్వాతే మనిషి.

ఆ రోజు పోయిన ఇరవై కిలోల గురించి మీ తాత ఒక్క మాట అనలేదు. ముందు రోజు తిట్టిన తిట్టు గురించి కూడా చచ్చేదాకా ఎత్తలేదు. కానీ తర్వాత ప్రతిసారీ దిగే ముందు నా నడుము దగ్గరికి వచ్చి కొస లాగి చూసేవాడు. పెళ్ళయ్యాక కూడా, పదిమందిలో. నాకు సిగ్గేసేది.

అప్పట్నుంచి నాకు ముడి చూస్తే టెన్షన్. నీకు ఒకటో తరగతిలో తాళ్ళ బూట్లు కొంటే మీ అమ్మతో గొడవపడి అతుక్కునే పట్టీలవి మార్పించింది నేనే. అందరూ నాకు పిచ్చనుకున్నారు.

కాబట్టి సంచి ఒంటికి కట్టకు. గాలి ట్యూబుకి కట్టి పక్కన తేలనీ. కత్తి నీ ఒంటి మీద ఉండాలి, కుడిచేతికి అందేలా. ఎనిమిది కిలోలు పోతే పోనీ, నేను తిట్టను. ఎవరు తిట్టినా నా దగ్గరికి పంపు.

మర్చిపోయాను, వాగులూ గెడ్డలూ సముద్రంలో కలిసే చోట, హార్బరు దగ్గర కొట్టకు. ఆల్చిప్ప లీటర్ల కొద్దీ నీళ్ళు వడగట్టి బతుకుతుంది, ఆ మురికంతా దాని కడుపులోనే. నీళ్ళు రంగు మారిన రోజుల్లో ఎక్కడా కొట్టకు. 1997లో కేరళలో విళింజం దగ్గర ఆల్చిప్పలు తిని ఏడుగురు పోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. నీళ్ళలో కంటికి కనిపించని నాచు నుంచి వచ్చే విషం అది, ఎంత ఉడికించినా పోదు. తిన్నవాడికి పెదాలు తిమ్మిరెక్కితే ఆగకుండా ఆసుపత్రికి. హోటల్ వాడు తొందరపెడతాడు, రేపు రమ్మను. తట్టినా నోరు మూసుకోనిది, ఉడికినా నోరు తెరవనిది పారెయ్. బొటనవేలంత లేని పిల్లల్ని రాయికే వదిలెయ్, వచ్చే ఏడు నీవే.

గాగుల్స్, బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించావని మీ అమ్మ చెప్పింది. బూట్లు తాళ్ళవా, పట్టీలవా?

శనివారం రా. మీ తాత వల సంచి అటక మీదే ఉంది, తాడు మార్చాను. గట్టు మీద నిలబెట్టి నా ఎదురుగా పదిసార్లు జారుముడి వేయిస్తాను, కొస నేను లాగుతాను. మీ అత్త వేపుడు చేస్తుంది. ఆల్చిప్పలు బజార్లో కొన్నవే, నవ్వకు. నా మోకాళ్ళు ఇప్పుడు ఆ రాళ్ళు దిగవు.

నీ మావయ్య