ఆపరేషన్ ముందు ఇంట్లో షేవింగ్ చేయొద్దండి

మీ అమ్మగారికి వచ్చే వారం పొట్ట ఆపరేషన్, ముందురోజు ఇంట్లోనే రేజర్‌తో వెంట్రుకలు తీసేద్దామా అన్నారు కదా, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. చూడ్డానికి శుభ్రంగానే అనిపిస్తుంది గానీ రేజర్ గీసిన చోట కంటికి కనపడనంత చిన్న గాట్లు పడతాయి, వాటిల్లో బ్యాక్టీరియా పెరుగుతుంది, రేపు కోత పెట్టేదీ అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 గైడ్‌లైన్స్‌లో కూడా వెంట్రుకలు తీయకపోవడమే మేలు, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో (చర్మాన్ని గీయకుండా వెంట్రుకలు కత్తిరించే మెషిన్) మాత్రమే, షేవింగ్ ఎప్పుడూ వద్దు అని గట్టిగా చెప్పారు. ఆ క్లిప్పింగ్ ఆసుపత్రి వాళ్లే చూసుకుంటారు. స్నానం మాత్రం చేయించండి, మామూలు సబ్బు చాలు.

ఇంటికొచ్చాక యాంటీబయాటిక్ రాయకపోతే ఎలా అని భయపడుతున్నారు, అవసరమైన ఆపరేషన్లకి అది కోతకి ముందు 120 నిమిషాల లోపు ఇస్తారండి, అసలు పని చేసేది అప్పుడే, అయిపోయాక ముందుజాగ్రత్తగా రోజుల తరబడి వాడితే లాభం లేదని అదే గైడ్‌లైన్ చెప్తోంది. అయితే డాక్టర్ ప్రత్యేకంగా ఏదైనా కారణంతో రాస్తే మాత్రం మానకండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోరు, ఒళ్లు చల్లబడకుండా చూడాలి. 1996లో పెద్దపేగు ఆపరేషన్ల మీద చేసిన స్టడీలో వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం మందికే ఇన్ఫెక్షన్ వచ్చింది, చల్లబడినవాళ్లలో 19 శాతం. అందుకే థియేటర్‌కి తీసుకెళ్లేముందు చలేస్తోందంటే మొహమాటపడకుండా దుప్పటి అడగండి.

తర్వాత గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా ఆ రోజే చూపించండి. అమ్మగారికి షుగర్ ఉందా? ఉంటే ఇప్పుడే డాక్టర్‌కి చెప్పండి.