ముందు ఇడ్లీ తిను, తర్వాతే సూది

2022 జనవరి

చిట్టీ,

కరోనా టీకాకి రానని మొండికేస్తున్నావంట, ఎందుకే అంటే నోరు విప్పట్లేదని మీ అమ్మ ఒకటే గోల. రాత్రి నువ్వు నాకు పంపిన ఫార్వర్డ్ చూశాక విషయం అర్థమైంది. పీరియడ్స్‌కి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోకూడదని కదా, అది పోయినేడు ఏప్రిల్‌లో తిరిగిందే తల్లీ, కేంద్రం వాళ్ళు అప్పుడే అబద్ధమని చెప్పారు. పీరియడ్స్‌లో ఉన్నా వేయించుకోవచ్చు. అయినా ఆ మెసేజ్ ఇంకోసారి చదువు, ఏ డాక్టరు చెప్పాడో ఉండదు, ఎప్పటిదో ఉండదు, పది మందికి పంపండి అని మాత్రం ఉంటుంది. అమ్మనడగడానికి సిగ్గైతే నన్నడుగు, 30 ఏళ్ళు బెజవాడలో ఆస్పత్రి వార్డుల్లో తిరిగినదాన్ని, నా దగ్గర సిగ్గేంటి.

ఈ నెల 3వ తారీఖు నుంచి మీ 15–18 ఏళ్ళ వాళ్ళకి కోవాక్సిన్ టీకా వేస్తున్నారు, రెండోది 28 రోజులకి. ఖాళీ కడుపుతో మాత్రం పోకు. మొన్న మా వీధి కుర్రాడు, ఆరడుగులుంటాడు, సూది పడకముందే కళ్ళు తిరిగి కూలబడ్డాడు, ఇంకేముంది, టీకా వికటించిందని జనం గోల. తీరా చూస్తే పొద్దున్నుంచి టీ చుక్క తప్ప ఏమీ లేదు, పైగా భయం. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే ఐదు నిమిషాల్లో లేచి ఫోన్ చూసుకుంటున్నాడు వెధవ.

వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చో. మీ నాన్న పారాసెటమాల్ స్ట్రిప్పు పట్టుకుని రెడీగా ఉంటాడు, కోవాక్సిన్ తయారుచేసేవాళ్ళే అవసరం లేదన్నారని చెప్పు, జ్వరం బాగా వస్తే డాక్టర్ని అడిగి వేసుకుందువుగాని.

నీ మెసేజ్ వచ్చిన టైం కూడా చూశాలే, రాత్రి 2:10. మేలో తాతయ్య పోయినప్పటి నుంచి నీకు నిద్ర లేదని నాకు తెలుసు, తెలిసీ అడగలేదు, అది నా తప్పే. పడుకునేముందు ఆ కొత్త కరోనా రకం ఒమిక్రాన్ వార్తలు చూడకు, ఫోన్ హాల్లో పెట్టేయ్. అర్ధరాత్రి ఊపిరాడనట్టుంటే వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే తాతయ్య ఆక్సీమీటర్ ఉందిగా, గోళ్ళరంగు తీసి, చెయ్యి చల్లగా ఉంటే రుద్దుకుని అప్పుడు పెట్టు, లేకపోతే తప్పు చూపిస్తుంది. 94 కంటే తగ్గితే వెంటనే అమ్మని లేపు. బాగానే చూపించినా గుండె దడ తగ్గకపోతే అప్పుడూ లేపు, తిట్టదు, తిడితే నాకు చెప్పు.

సోమవారం నేనే గుంటూరొస్తా, ఇద్దరం కలిసే పోదాం. నేనొచ్చేసరికి ఇడ్లీ తినేసి ఉండాలి.

పెద్దమ్మ