చెరువు గట్టు మీదికీ, పెళ్లి పందిట్లోకీ ఒకే వాచీ

నరసాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రొయ్యల చెరువుల దగ్గర రోజూ పెట్టుకోవడానికీ, మాఘంలో మీ చెల్లెలి పెళ్లికి పట్టు లాల్చీ మీద పెట్టుకోవడానికీ పనికివచ్చే డైవర్ వాచీ (నీటి అడుగున ఈదేవారి కోసం చేసేది) ఏదని అడుగుతూ మూడు పేర్లు పంపావు: సిటిజన్ ప్రోమాస్టర్ ఎకో డ్రైవ్, సీకో ప్రాస్పెక్స్ ఎస్‌పీబీ143, ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం. రెండు పనులూ ఒకే వాచీతో జరగాలన్నది నీ పట్టుదల కనుక నా మొగ్గు సీకో వైపే.

నడుము లోతు చెరువులో దిగేవాడికి 200 మీటర్ల వాచీ ఎందుకని మీ నాన్నగారు అన్నారట. ఆ అంకె నువ్వు దిగబోయే లోతు కాదు. పది మీటర్ల నీటికి సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున లెక్కగట్టి, వాచీని కదలకుండా ఉంచి చేసే పరీక్షలో అది తట్టుకున్న ఒత్తిడి. అందుకే 30 మీటర్లని రాసి ఉన్న వాచీ చేతులు కడుక్కోవడానికీ వానజల్లుకూ తప్ప ఈతకు పనికిరాదు. ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డైవర్ వాచీ కనీసం 100 మీటర్లది కావాలి, రాసిన లోతుకంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడికి నిలవాలి, ఉప్పునీటికీ దెబ్బలకూ అయస్కాంతానికీ తట్టుకోవాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనిపించాలి. సీకో 5 స్పోర్ట్స్‌లో 2019 నుంచి వస్తున్న కొన్ని రకాలు చూడటానికి అచ్చం డైవర్ వాచీల్లాగే ఉంటాయి. 100 మీటర్లని రాసి ఉన్నా అవి ఆ డైవర్ ప్రమాణానికి చేసినవి కావు, సమయం సరిచేసే పక్క మీట, అంటే క్రౌన్ కూడా మర తిప్పి బిగించేది కాదు. దుకాణంవాడు వాటిని చూపించి ఇదీ డైవరేనంటే నమ్మవద్దు.

మన ప్రాంతంలో వాచీని పాడుచేసేవి లోతుకంటే ఉప్పూ ఇసుకా. చెరువు నీరు ఆరిన తరువాత అద్దం చుట్టూ తిరిగే బెజెల్ అనే వలయం కిందా, చైన్ లింకుల సందుల్లోనూ ఉప్పు పేరుకుంటుంది. దానికి సన్నని బురద తోడైతే బెజెల్ తిరగకుండా బిగుసుకుపోతుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలమానం మీద 7. మామూలు మినరల్ అద్దం అంతకన్నా మెత్తనిది కనుక అంతర్వేది ఇసుకలో ఒక్కసారి రాసుకున్నా గీత పడుతుంది. కృత్రిమ నీలంతో చేసే సఫైర్ అద్దం గట్టిదనం 9 కనుక దాని మీద ఇసుక గీతలు పడవు, అయితే గట్టిగా రాతికి తగిలితే పగలవచ్చు. నీ మూడింటిలో ప్రోమాస్టర్‌కు ఉన్నది మినరల్ అద్దం, మిగిలిన రెండింటికీ సఫైర్. రోజూ చెరువు మీద ఉండేవాడికి ఈ తేడా చిన్నది కాదు.

బెజెల్ అలంకారమని అనుకోకు. మేత చల్లగానే దాని మీది త్రిభుజం గుర్తును నిమిషాల ముల్లు దగ్గరకు తిప్పి ఉంచితే, ముల్లు రెండోసారి ఆ గుర్తు దగ్గరకు వచ్చేసరికి రెండు గంటలైనట్టు; రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసుకోవచ్చు. డైవర్ బెజెల్ ఒకవైపే తిరుగుతుంది: పొరపాటున తగిలి కదిలినా గడిచిన సమయాన్ని ఎక్కువగా చూపిస్తుందే తప్ప తక్కువగా చూపదు, నీటి అడుగున గాలి అయిపోకముందే మనిషి పైకి రావాలని అలా చేశారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు చూడటానికి లేచినప్పుడు ముళ్ల మీది వెలుగు పూత ఎంత అక్కరకు వస్తుందో నీకే తెలుస్తుంది.

ఇక పెళ్లి సంగతి. ముస్తాబుకు పెట్టుకునే వాచీ పలుచగా, మెరుపు తక్కువగా, తోలు స్ట్రాప్‌తో ఉండటం పాత మర్యాద. 1953లో ఫ్రెంచి నౌకాదళ ఈతగాళ్ల కోసం బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ తయారైన నాటికి డైవర్ వాచీని ముస్తాబులో భాగంగా ఎవరూ ఊహించి ఉండరు. ఇప్పుడు పెళ్లి పందిట్లో అవే ఎక్కువ కనిపిస్తున్నాయి, వాటిలో సగం 45 మిల్లీమీటర్లవి, నా కంటికి అవి మణికట్టు మీద మూతల్లా ఉంటాయి. 1965లో వచ్చిన సీకో తొలి డైవర్ వాచీ రూపాన్ని అనుసరించి 2020లో చేసిన ఎస్‌పీబీ143 వ్యాసం 40.5 మిల్లీమీటర్లు, మందం 13.2. లాల్చీ చేతి కింద కొంత ఎత్తుగానే ఉంటుంది కాని వికారంగా ఉండదు. చైన్ తీసి నల్ల తోలు స్ట్రాప్ వేస్తే, నిరాడంబరమైన ఆ డయల్ పట్టుబట్టలకు సరిపోతుంది. ఉత్తరీయం జరీ మాత్రం బెజెల్ అంచు పళ్లలో చిక్కుకోకుండా చూసుకోవాలి. పెళ్లి అయిన వెంటనే తోలు తీసేయాలి, మన చెమటకూ ఉక్కపోతకూ అది నెలల్లోనే కుళ్లుతుంది.

సీకోలో లోపం లేదని కాదు. అది ఆటోమేటిక్, అంటే చేతి కదలికతో స్ప్రింగు చుట్టుకుని నడిచేది; రోజుకు 25 సెకన్లు ముందుకో 15 సెకన్లు వెనక్కో పోవడాన్ని కంపెనీయే ఒప్పుకుంటుంది. వారానికి దాదాపు మూడు నిమిషాల దాకా తేడా రావచ్చు కనుక పెళ్లినాటి ఉదయం సమయం సరిచేసుకో, పురోహితుడు ముహూర్తం నీ వాచీలో చూసుకునే ప్రమాదం ఉంది. ఈ ఇబ్బంది ప్రోమాస్టర్‌కు లేదు: స్ఫటికం కంపనాలతో కచ్చితంగా నడిచే క్వార్ట్జ్ యంత్రం, వెలుతురుతో చార్జ్ అవుతుంది, పూర్తిగా నిండితే చీకట్లో ఆరు నెలలు నడుస్తుంది, సెల్లు మార్చడానికంటూ తరచుగా వెనుక మూత తెరవనక్కరలేదు. కేవలం చెరువు కోసమే అయితే కళ్లు మూసుకుని అదే కొనమనేవాణ్ణి. 44 మిల్లీమీటర్ల ఆ దిట్టమైన వాచీ పట్టు లాల్చీకి నప్పదు, అంతే. ఒమేగా మూడింటిలోకీ అందమైనదే, గట్టిదే. 300 మీటర్లు, సిరామిక్ బెజెల్. అయితే అంత ఖరీదైన దాన్ని పెట్టుకుని బ్లీచింగ్ బక్కెట్లో చెయ్యి పెట్టడానికి నీకు మనసొప్పదు. చివరికి అది బీరువాలో ఉండి, చెరువు దగ్గరకు పాత వాచీయే వెళుతుంది.

ఏది కొన్నా అధీకృత దుకాణంలో గ్యారంటీ కార్డుతోనే కొను. చెరువు నుంచి రాగానే క్రౌన్ బిగించి ఉందో లేదో చూసి, మంచినీటి కుళాయి కింద బెజెల్ తిప్పుతూ మెత్తని బ్రష్‌తో కడుగు. తడిగా ఉండగా క్రౌన్ విప్పవద్దు. లోపలి రబ్బరు రింగులు కాలంతో గట్టిపడతాయి, వెనుక మూత ఎప్పుడు తెరిపించినా నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఆ యంత్రం లేని చోట మూత తెరవనివ్వకు.

నీ మణికట్టు చుట్టుకొలత దారంతో కొలిచి రాసి పంపు. చైన్‌తో పాటు 20 మిల్లీమీటర్ల వెడల్పున్న నల్ల తోలు స్ట్రాప్ ఒకటి ముందే తెప్పిస్తాను, అది పెళ్లికి నా తరఫున.

ఇట్లు,
మామయ్య