బోర్డుల పనికి యూవీ ఫ్లాట్‌బెడ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. ఫ్లెక్స్‌తో పాటు ఏసీపీ (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు), అక్రిలిక్ బోర్డులు చేసేవాళ్లు యూవీ ఫ్లాట్‌బెడ్ (షీటును బల్లలాంటి బెడ్ మీద పరిచి ప్రింట్ చేసి, యూవీ దీపం వెలుగుతో ఇంకును అప్పటికప్పుడే గట్టిపరిచే మెషిన్) సొంతంగా కొనాలా, కొంటే ఏది కొనాలి అని. వాటిలోంచి ఆరు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: ఫ్లెక్స్ మెషిన్, సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఫైలు ప్రకారం షీట్లు కోసే మెషిన్) ఉన్నాయి. యూవీ ప్రింట్ మాత్రం నెల్లూరు పంపి వేయించుకుంటున్నాం. సొంతంగా కొనాలని ఉంది. 6090 సైజు సరిపోతుందా, 8×4 అడుగులది తీసుకోవాలా? ఒక డీలర్ ఎప్సన్ ఐ3200 హెడ్లు (ఇంకు చుక్కలు కొట్టే భాగాలు) మూడు ఇస్తానంటున్నాడు, ఇంకొకాయన రికో జెన్5 అంటున్నాడు. ఏది మంచిది? (కావలి)

హెడ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు గత ఆరు నెలల్లో యూవీ ప్రింటింగ్‌కి బయట కట్టిన బిల్లులన్నీ తీసి, నెలకు ఎన్ని చదరపు అడుగులు పడిందో కూడండి. ఉదాహరణకు బ్యాంకు వాయిదా, ఆపరేటర్ జీతం, ఏసీతో కలిపి కరెంటు అన్నీ నెలకు 75,000 అనుకోండి. బయట కట్టే రేటులోంచి ఇంకు, వేస్టేజీ తీసేస్తే అడుగుకు 30 రూపాయలు మిగులుతుందనుకోండి. అప్పుడు నెలకు 2,500 అడుగుల పని ఉంటేగాని ఖర్చుకు ఖర్చు సరిపోదు. అంటే 78 షీట్లు, రోజుకు మూడు. మీ బిల్లుల్లో అందులో సగం కూడా లేకపోతే ఇంకొన్నాళ్లు నెల్లూరు పంపడమే లాభం.

సైజు సంగతి తేలికే. 6090 అంటే 60×90 సెంటీమీటర్ల బెడ్. నేమ్‌ప్లేట్లు, మెమెంటోలు, క్యూఆర్ స్టాండ్లు, డాక్టర్ల టేబుల్ బోర్డులకు అది చాలు. షాపు బోర్డుకు చాలదు. ముక్కలుగా వేసి అతికిస్తే అతుకు దగ్గర రంగు తేడా తెలుస్తుంది, నీలం, బూడిద రంగుల్లో మరీను. మనకు అక్రిలిక్, ఏసీపీ, సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు) వచ్చేదే 8×4 షీట్లలో. బోర్డులే మీ ప్రధాన వ్యాపారమైతే బెడ్ కూడా అదే సైజు ఉండాలి. బెడ్ కదిలే రకానికి బెడ్ పొడవుకు రెట్టింపు పైన జాగా కావాలి. బెడ్ కదలకుండా పైన హెడ్ల గ్యాంట్రీ నడిచే రకానికి తక్కువ చాలు, కాని నాలుగు వైపులా మూడేసి అడుగులు వదలాలి. షట్టర్ వెడల్పు, ఎత్తు ముందే కొలవండి. లారీ వచ్చాక గోడ పగలగొట్టిన షాపులు ఉన్నాయి.

ఇక హెడ్లు. ఐ3200-యూ1 యూవీ ఇంకు కోసమే చేసిన రకం. చుక్క చిన్నది, కాబట్టి చిన్న అక్షరాలు తేటగా వస్తాయి. ధర కూడా తక్కువ. దాని లోపం ఏమంటే షీటుకు బాగా దగ్గరగా, 2 మిల్లీమీటర్ల లోపే నడవాలి. ఎండలో పెట్టిన సన్‌బోర్డు మూల లేచి ఉంటే హెడ్‌కు తగులుతుంది. రికో జెన్5లో అతి చిన్న చుక్కే 7 పికోలీటర్లు, ఐ3200 చుక్క కంటే పెద్దది. దగ్గర్నుంచి చూసే చిన్న పనిలో చుక్కలు గింజల్లా కాస్త కనిపిస్తాయి. కాని స్టీలు ఒళ్లు, ఎక్కువ కాలం మన్నుతుంది, కొంచెం ఎత్తు నుంచి కూడా కొట్టగలదు. పాడైతే కొత్తదాని ధర మాత్రం గట్టిగానే తగులుతుంది. రోజూ అయిదారు షీట్లకు పైగా పని, అందులో బోర్డులే ఎక్కువైతే రికో. పని తక్కువ, చిన్న అక్షరాలు ఎక్కువైతే ఐ3200. ఎక్స్‌పీ600 హెడ్లతో 8×4 మెషిన్ చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఆ హెడ్‌ను యూవీ ఇంకు కోసం చేయలేదు, మాటిమాటికీ మార్చాల్సి వస్తుంది.

మూడు హెడ్లనగానే మురిసిపోకండి, తెలుపుకు ఎన్ని ఇచ్చారో అడగండి. తెల్ల ఏసీపీ మీద తెలుపు అక్కర్లేదు. క్లియర్ అక్రిలిక్, అద్దం, నల్ల షీటు మీద రంగు కింద తెలుపు తప్పనిసరి. అక్కడ మెషిన్ మొత్తం తెలుపు వేగంతోనే నడుస్తుంది. క్యాటలాగ్‌లో గంటకు 25 చదరపు మీటర్లని ఉంటే అది తెలుపు లేని, తక్కువ పాస్‌ల (ఒకే చోటు మీద హెడ్ తక్కువసార్లు తిరిగే) డ్రాఫ్ట్ లెక్క. తెలుపుతో, బోర్డుకు పనికొచ్చే నాణ్యతతో ఎంతో అడగండి. 8 చదరపు మీటర్లని చెబితే, 8×4 షీటు 2.97 చదరపు మీటర్లు కాబట్టి ఒక్కోదానికి 22 నిమిషాలు. షీటు ఎక్కించి దించడానికి అయిదు నిమిషాలు. ఎనిమిది గంటల్లో 17 షీట్లు దాటవు.

ఇంకు ఖర్చు కూడా డీలర్ నోటిమాట మీద నమ్మొద్దు. ఫైలును మెషిన్‌కు ప్రింట్ ఆదేశాలుగా మార్చే ఆర్‌ఐపీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి జాబ్‌కూ ఎన్ని మిల్లీలీటర్లు పోతుందో చూపిస్తుంది. రంగులు 10, తెలుపు 12 కలిపి చదరపు మీటరుకు 22 మిల్లీలీటర్లు, లీటరు 6,000 అనుకుంటే 132 రూపాయలు. 10.76తో భాగిస్తే అడుగుకు 12 రూపాయల పైచిలుకు. హెడ్ క్లీనింగ్‌లో పోయేది దీనికి అదనం.

డెమోకు వెళ్లేటప్పుడు వాళ్ల షీట్ల మీద చూసి రావద్దు. మీరు వాడే 3 మిల్లీమీటర్ల ఏసీపీ, క్లియర్ అక్రిలిక్, 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, ఒక అద్దం ముక్క, ఒక స్టీలు ముక్క పట్టుకెళ్లండి. ఫైలు కూడా మీదే. అందులో ఇవి ఉండాలి: వత్తులు, గుడి దీర్ఘాలున్న తెలుగు వాక్యం 6 పాయింట్లలో, నిండు నలుపు, లేత బూడిద నుంచి ముదురుకు పోయే పట్టీ (చారలు ఇందులోనే బయటపడతాయి), నిండు తెలుపు (దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి సూదిబెజ్జాలు వెతకండి), 1200×900 మిల్లీమీటర్ల గీతల పెట్టె. ఆ పెట్టె రెండు కర్ణాలూ సరిగ్గా 1500 రావాలి. రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా గ్యాంట్రీ మూలమట్టంలో లేనట్టే. ప్రింట్ చేసి ఆ తర్వాత రౌటర్ మీద కోస్తారు కదా, అక్కడ ఈ తేడా మీ నెత్తిన పడుతుంది.

అను ఫాంట్లలో కంపోజ్ చేసినదైతే కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా మార్చే తీసుకెళ్లండి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ప్రింట్లు ఇంటికి తెచ్చి ఒక రోజు ఆగి, కట్టర్‌తో నిలువుగా, అడ్డంగా మిల్లీమీటరు దూరంలో గళ్లు గీసి టేపు అంటించి లాగండి. గళ్లు ఊడితే ఆ ఇంకు ఆ షీటుకు పట్టదు.

ఏసీపీని వెనక వి ఆకారపు గాడి (వి-గ్రూవ్) కొట్టి మడతపెట్టే పని ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. గట్టి ఇంకు మడత దగ్గర చిట్లుతుంది. కాస్త సాగే ఇంకు అడగాలి. అది గీతలకు కొంచెం లొంగుతుంది, ఆ మాత్రం ఓర్చుకోవాలి. చివరగా సర్వీసు. విడిభాగాలు చెన్నైలో ఉంటాయా, విజయవాడలోనా, హైదరాబాదులోనా? డ్యాంపర్లు (హెడ్‌కు ముందు ఇంకును వడగట్టే చిన్న డబ్బాలు), పంపులు, ఒక మెయిన్‌బోర్డు అక్కడ స్టాకులో ఉన్నాయా? ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో ఒప్పందం కాగితం మీద రాయించండి. హెడ్‌కు గ్యారంటీ ఉందో లేదో కూడా అందులోనే.

ప్రశ్న: ఆదివారం మూసి సోమవారం తెరిచేసరికి తెలుపు సగం రావడం లేదు. క్లీనింగ్ ఎన్నిసార్లు కొట్టినా అంతే. హెడ్ పోయిందంటున్నారు. ఎందుకిలా? (ఒంగోలు)

తెల్ల ఇంకులో రంగునిచ్చేది టైటానియం డయాక్సైడ్ పొడి. అది నీటికి నాలుగు రెట్లు బరువు. ఇంకు ద్రవం ఇంచుమించు నీటంత బరువే. కాబట్టి కదలిక ఆగితే పొడి అడుగుకు దిగుతుంది. ట్యాంకులోనే కాదు, ట్యూబుల్లో, డ్యాంపర్లో, హెడ్ లోపల కూడా. అందుకే తెలుపుకు ఇంకును కలిపే స్టిర్రర్, తిప్పుతూ ఉండే సర్క్యులేషన్ పంపు ఉంటాయి. మీరు శనివారం మెయిన్ ఆపేసి వెళ్తున్నారు, అవీ ఆగిపోతున్నాయి. మెషిన్ ఆపినా ఆ రెండింటికీ కరెంటు ఉండేలా వేరే లైను ఉందేమో చూడండి, చాలా మోడళ్లలో ఉంటుంది. సర్క్యులేషన్ హెడ్ వరకు వస్తుందా, దానికి ముందున్న చిన్న సబ్‌ట్యాంకు దాకేనా అన్నది కూడా తెలుసుకోవాలి. సబ్‌ట్యాంకుతో ఆగితే ఆ తర్వాతి భాగంలో పొడి దిగుతూనే ఉంటుంది.

క్లీనింగ్ పదేపదే కొట్టడం వల్ల గట్టిపడిన పొడిని ఇంకా లోపలికి నెడుతున్నారు. ఒకట్రెండుసార్లకు రాకపోతే ఆపండి. డ్యాంపర్ విప్పి చూడండి. అడుగున ముద్ద ఉంటే మార్చండి, ఇంకు లైనులో ఉన్నది తీసేసి కొత్తది పట్టండి. ఆ ఇంకు కంపెనీ ఇచ్చే ఫ్లషింగ్ ద్రావణం హెడ్ కింద క్యాప్‌లో పోసి కొన్ని గంటలు నాననివ్వండి. థిన్నర్, పెట్రోలు జోలికి పోవద్దు, హెడ్ లోపలి జిగురును తినేస్తాయి. నాలుగైదు రోజులు మెషిన్ వాడనప్పుడు తెలుపు లైను మొత్తం ఫ్లషింగ్‌తో నింపి వదలడమే క్షేమం.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. గోల్డ్ మిర్రర్ అక్రిలిక్, మెరిసే స్టీలు మీద వేసేటప్పుడు దీపం వెలుగు అద్దంలో పడ్డట్టు తిరిగొచ్చి హెడ్ అడుగున ఇంకును గట్టిపరుస్తుంది. ఈ ఎల్‌ఈడీ దీపాలు సాధారణంగా 395 నానోమీటర్లవి, ఇంకు గట్టిపడేది ఆ వెలుగుకే. అలాంటి షీటు మీద దీపం పవర్ తగ్గించి, పాస్‌లు పెంచండి. షీటు దాటి బయట కొట్టకుండా, ఎత్తు అవసరానికి మించకుండా చూడండి. షట్టర్ తెరిచినప్పుడు సాయంత్రం ఎండ నేరుగా మెషిన్ మీద పడినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: క్లియర్ అక్రిలిక్ మీద వేసిన ప్రింట్ పగలు బాగుంది, లోపల ఎల్‌ఈడీ వెలిగిస్తే వెలిసిపోయినట్టుంది. కొన్ని షీట్ల మీద గోరుతో గీకితే ఊడొస్తోంది కూడా. (నెల్లూరు)

రెండూ వేరు వేరు జబ్బులు. పగలు మనం చూసేది రంగు మీద పడి తెలుపుకు తగిలి తిరిగొచ్చే వెలుగు. రాత్రి వెలుగు వెనక నుంచి రంగును ఒక్కసారే దాటుతుంది, అందుకే పల్చగా కనిపిస్తుంది. రంగు, తెలుపు, మళ్లీ అదే రంగు, ఇలా మూడు పొరలు వేయించండి. ఆర్‌ఐపీలో దీనికి సెట్టింగ్ ఉంటుంది. షీటు వెనక వైపు, అద్దంలో బొమ్మలా తిరగేసి ప్రింట్ చేయండి. ముందువైపు అక్రిలిక్ ఉంటుంది కాబట్టి వానకూ, తుడుపుకూ ఇంకు దొరకదు. తెలుపు మరీ మందమైతే లోపలి దీపం బయటికి రాదు. 50, 70, 100 శాతం తెలుపు ముక్కలు వేసి, మీరు వాడే ఎల్‌ఈడీ మాడ్యూల్ ముందు పెట్టి చూసుకోండి.

ఊడటానికి మొదటి అనుమానం శుభ్రత మీద. రక్షణ కాగితం పీకాక మిగిలే జిగురు కంటికి కనిపించదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచి, ఆరాక వేయండి. ఒక జాగ్రత్త: లేజర్‌తో కోసిన అక్రిలిక్ అంచుల్లో బిగువు ఉంటుంది. ఆల్కహాల్ తగిలితే అక్కడ వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. అందుకని ముందు ప్రింట్, తర్వాత కోత. కాగితం లాగినప్పుడు పుట్టే స్టాటిక్ వల్ల ఇంకు తుంపర అక్షరాల చుట్టూ మబ్బులా పడుతుంది, ఆ స్టాటిక్‌ను పోగొట్టే అయోనైజర్ బార్ పెట్టించుకోండి. అన్నీ చేసినా కొన్ని షీట్లకు పట్టకపోతే అక్రిలిక్ రకం మారిందన్నమాట. సరఫరాదారు మారినప్పుడల్లా గళ్ల పరీక్ష చేశాకే ఆర్డరు ఒప్పుకోండి.

ప్రశ్న: గెలాక్సీ గ్రానైట్ మీద శిలాఫలకాలు యూవీలో వేసివ్వొచ్చా? చెక్కించడానికి టైము లేదంటున్నారు. (చీమకుర్తి)

గది లోపల పెట్టేదైతే వేయొచ్చు. పాలిష్ చేసిన గ్రానైట్ అద్దంతో సమానం, ప్రైమర్ లేకుండా పట్టదు. ఆరుబయట పెట్టేదైతే వద్దు. ఎండా వానా మారి మారి తగిలితే అంచుల నుంచి పెచ్చులు లేస్తుంది. శిలాఫలకం మీద పేరు ఊడితే ఎవరి పేరు ఊడిందన్న గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. చెక్కి రంగు నింపడమే దానికి తగిన పని.

ప్రశ్న: రేకుల షెడ్డులో పెట్టొచ్చా? కరెంటు ఏర్పాట్లు ఏం కావాలి? (కందుకూరు)

రేకుల షెడ్డు లోపల సీలింగు వేసి, మూసిన గది కట్టి ఏసీ పెడితే పెట్టొచ్చు. ఉష్ణోగ్రత 22 నుంచి 26 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఏసీ ఆపితే ఇంకు పల్చబడి చుక్క చెదురుతుంది. నిల్వ ఇంకు సీసాలు కూడా ఏసీ గదిలోనే ఉంచండి. వాయుగుండం పట్టిన రోజుల్లో నెమ్ముకు డీహ్యూమిడిఫయర్ అవసరం. దీపాన్ని చల్లబరిచే చిల్లర్‌లో బోరు నీళ్లు పోయొద్దు, సున్నం పట్టి దారి మూసుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి.

మెషిన్‌కు విడిగా ఎర్త్ గుంట తీయించండి. న్యూట్రల్, ఎర్త్ మధ్య మీటరు పెడితే 3 వోల్టులు దాటకూడదు. దాటితే ముందు పోయేవి హెడ్ బోర్డులు. ఆన్‌లైన్ యూపీఎస్ మెషిన్‌కు మాత్రం చాలు, వాక్యూమ్ బ్లోయర్‌ను దాని మీద వేయొద్దు, యూపీఎస్ మోయలేదు. ప్రింట్ మధ్యలో బ్లోయర్ ఆగితే షీటు లేచే ప్రమాదం ఉంది, కాబట్టి కరెంటు పోగానే ప్రింట్ ఆపడం ఆపరేటర్‌కు అలవాటు చేయండి. గట్టిపడని ఇంకు చర్మానికి తగిలితే దద్దుర్లు, ఒకసారి అలర్జీ పట్టుకుంటే వదలదు. నైట్రైల్ గ్లోవ్స్ తప్పవు. వేస్ట్ ఇంకు కాలువలో పారబోయకూడదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ మెషిన్ సగం ధరకు వస్తోంది. తీసుకోవచ్చా? (సింగరాయకొండ)

మెషిన్ నడుస్తుండగా చూడకుండా మాట ఇవ్వొద్దు. మీ ఎదురుగా నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే ఏ రంధ్రం పనిచేస్తుందో గీతల్లో చూపే ప్రింట్) తీయించండి, గంట ప్రింట్ చేయించి మళ్లీ తీయించండి. మొదటిసారి ఉండి రెండోసారి మాయమైన గీతలే అసలు జబ్బు. తెలుపు లైను ఎండిపోయి ఉంటే ఆ హెడ్ ఖర్చు ధరలోంచి తీసేయండి. దీపం ఎన్ని గంటలు వెలిగిందో మెనూలో చూడండి. పాత మెర్క్యురీ ల్యాంపు మెషిన్ అయితే వేడికి సన్‌బోర్డు వంగుతుంది, ల్యాంపులు తరచూ మార్చాలి, అది వదిలేయడమే నయం. గైడ్ పట్టాల మీద తుప్పు చూడండి, మన తీరంలో ఉప్పుగాలికి అది తొందరగా వస్తుంది. ఆర్‌ఐపీ సాఫ్ట్‌వేర్ డాంగిల్ (లైసెన్సు ఉండే యూఎస్‌బీ ముక్క) చేతికి రాకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.