అడగండి, చెబుతాం: యుద్ధ వార్తల లెక్కాపత్రం

2003లో అమెరికా ఇరాక్ మీద చేసిన యుద్ధం, దానికి వ్యతిరేకంగా సాగిన నిరసనలపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని ఇవి.

యుద్ధం వద్దంటూ ర్యాలీ జరిగితే నిర్వాహకులు లక్షలంటారు, పోలీసులు వేలంటారు, పేపర్లో ‘వందలాది మంది’ అని వస్తుంది. ఎవర్ని నమ్మాలండీ?
– ఓ పాఠకుడు, నల్లగొండ

ఎవర్నీ నమ్మక్కర్లేదు, లెక్క మీరే వేసుకోవచ్చు. 1960ల్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ తన కిటికీ కింద జరిగే వియత్నాం యుద్ధ వ్యతిరేక సభల్ని చూస్తూ ఒక పద్ధతి కట్టారు. జనం వదులుగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, దగ్గరదగ్గరగా ఉంటే 4.5, ఊపిరాడనంత కిక్కిరిసి ఉంటే 2.5. జనం నిలబడిన జాగా కొలిచి ఈ అంకెతో భాగిస్తే సరి.

60 అడుగుల రోడ్డు మీద అర కిలోమీటరు పొడవునా జనం ఉన్నారనుకోండి. జాగా సుమారు 98,400 చదరపు అడుగులు. వదులుగా ఉంటే పదివేల లోపే, దగ్గరగా ఉంటే 22 వేలు. ఊపిరాడనంత కిక్కిరిసినా 40 వేలు దాటదు. అక్కడికి లక్షమంది వచ్చారని ఎవరన్నా అంటే ఎక్కడ నిలబడ్డారో అడగండి. రోడ్డు పొడవు మ్యాప్‌లో రెండు నిమిషాల్లో కొలవొచ్చు.

లెక్క తప్పేది ఎక్కువగా మూడుచోట్ల. వేదిక ముందున్న రద్దీయే చివరిదాకా ఉందనుకోవడం. డివైడర్లు, వాహనాలు, చెట్లు తీసేయకపోవడం. వేదిక మీంచి తీసిన ఫొటోని బట్టి అంచనా కట్టడం. తక్కువ ఎత్తు నుంచి తీస్తే తలల మధ్య ఖాళీలు కనబడవు. ఊరేగింపు అయితే ఒకచోట నిలబడి పది నిమిషాలకోసారి ఒక్క నిమిషంపాటు దాటేవాళ్లని లెక్కపెట్టి, ఆ అంకెలన్నీ కూడి పదితో హెచ్చించండి. మధ్యలో కలిసేవాళ్లు, ముందే వెళ్లిపోయేవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకోచోట మరొకర్ని నిలబెట్టండి.

పెంచి చెప్పడం ఉద్యమాలకూ అలవాటే, అది దాచి లాభం లేదు. 2003 ఫిబ్రవరి 16న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనకి రెండు లక్షలమంది వచ్చారన్నారు. అక్కడి ‘క్రానికల్’ పత్రిక విమానం నుంచి ఫొటోలు తీయించి లెక్కిస్తే సుమారు 65 వేలు తేలింది. ఫొటో ఒక్క క్షణానిదే, వచ్చిపోయినవాళ్లు అందులో పడరు. అయినా అంత తేడాకి అదొక్కటే కారణం కాలేదు. దీనికి తిరగేసిన ఉదాహరణా ఉంది. 2002 అక్టోబర్ 26న వాషింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనకి వేలమందే వచ్చారని, నిర్వాహకులు ఆశించినంత లేదని ‘న్యూయార్క్ టైమ్స్’ రాసింది. లక్ష పైనే వచ్చారని అదే పత్రిక మళ్లీ రాసింది, అక్టోబర్ 30న. ఈలోగా మొదటి వార్త చేయాల్సిన పని చేసేసింది.

సైన్యంతోపాటు వెళ్లిన రిపోర్టర్లు కళ్లారా చూసిందే కదా రాశారు. అందులో తప్పేముంది?
– ఓ డిగ్రీ విద్యార్థిని, తెనాలి

వాళ్లు రాసింది చాలావరకు అబద్ధం కాదమ్మా. ‘ఎంబెడెడ్’ రిపోర్టర్లు ఆరువందల పైచిలుకు. పెంటగాన్ (అమెరికా రక్షణశాఖ) నిబంధనల మీద సంతకం పెట్టాకే బండెక్కారు. ఆయుధం పట్టకూడదు. దళం కచ్చితంగా ఎక్కడుందో, రేపు ఎటు వెళ్తుందో చెప్పకూడదు. చనిపోయిన సైనికుడి కుటుంబానికి కబురు అందేదాకా, లేదా 72 గంటలదాకా పేరు బయటపెట్టకూడదు. వీటిలో చాలావాటిని తప్పుపట్టలేం.

అసలు చిక్కు కెమెరా ఉన్న చోటుతో. ఫిరంగి వెనక కూర్చున్నవాడికి గుండు పేలడం కనిపిస్తుంది, అది పడ్డ ఇల్లు కనిపించదు. పైగా తన ప్రాణం కాపాడుతున్నది ఆ సైనికులే. రెండోవైపు చూడాలంటే బాగ్దాద్‌లో సొంతంగా ఉండిపోయినవాళ్ల వార్తలు కావాలి. వాళ్లకి రక్షణ లేదు. ఏప్రిల్ 8న వాళ్లు బస చేసిన పాలస్తీనా హోటల్ మీద అమెరికన్ ట్యాంకు పేల్చిన గుండుకి రాయిటర్స్ కెమెరామన్ తారాస్ ప్రొత్స్యూక్, స్పెయిన్ చానల్ కెమెరామన్ హోసే కౌసో చనిపోయారు. అదేరోజు అమెరికా వైమానిక దాడిలో అల్ జజీరా విలేకరి తారిక్ అయూబ్ చనిపోయారు. ఈ రెండు రకాల వార్తల్నీ పక్కపక్కన పెట్టాల్సింది డెస్కు. ముందువరసలో ఉన్న రిపోర్టర్ కంటే ఏసీ గదిలో పేజీ పెట్టినవాళ్లనే నేను ఎక్కువ తప్పుపడతాను.

సద్దాం విగ్రహం కూల్చడం అంతా నాటకమేనంటారు, నిజమా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

నాటకం కాదు. ఏప్రిల్ 9న బాగ్దాద్‌లోని ఫిర్దోస్ స్క్వేర్‌లో ముందు సుత్తి పట్టుకుని దిమ్మె మీద పడింది ఇరాకీలే. విగ్రహం కదల్లేదు. చివరికి అమెరికా మెరైన్ సైనికుల రికవరీ బండి (చెడిపోయిన ట్యాంకుల్ని లాగేది) గొలుసు వేసి లాగింది. మధ్యలో ఒక సైనికుడు విగ్రహం మొహానికి అమెరికా జెండా కప్పి, కాసేపటికి తీసేశాడు. దగ్గర్నుంచి తీసిన షాట్లలో స్క్రీన్ నిండా జనమే. దూరం నుంచి తీసిన ఫొటోల్లో స్క్వేర్‌లో చాలాభాగం ఖాళీ. పాలస్తీనా హోటల్ ఎదురుగానే ఉంది కాబట్టి విదేశీ కెమెరాలకి కొదవలేదు. చానళ్లు ఏ షాట్‌ని రోజంతా తిప్పాయో చెప్పక్కర్లేదనుకుంటా. ఇకమీదట జనం వార్త ఏది చూసినా వైడ్ షాట్ (దూరం నుంచి మొత్తం కనబడేలా తీసింది) చూపించారో లేదో గమనించండి.

టీవీలో రిటైర్డ్ సైన్యాధికారుల విశ్లేషణ వినొచ్చా?
– ఓ పాఠకుడు, విజయనగరం

వినండి. కాకపోతే ఆయన ఇప్పుడు ఏ కంపెనీకి సలహాదారో స్క్రోలింగ్‌లో వేశారో లేదో చూడండి. అమెరికా చానళ్లలో కూర్చున్న ఇలాంటి విశ్లేషకులకి పెంటగాన్ ప్రత్యేకంగా పాఠాలు చెప్పిందనీ, చాలామందికి రక్షణ కాంట్రాక్టర్లతో సంబంధాలున్నాయనీ 2008 ఏప్రిల్‌లో బయటపడింది. ఇరాక్ యుద్ధానికి ముందు 2003లో రెండువారాల రాత్రి వార్తల్ని ‘ఫెయిర్’ అనే మీడియా పరిశీలన సంస్థ లెక్కపెడితే, కనిపించిన 393 మందిలో యుద్ధ వ్యతిరేక సంఘాలవాళ్లు ముగ్గురు.

వాట్సాప్‌లో వచ్చే యుద్ధం వీడియోలు అసలువో కావో ఇంట్లోనే తేల్చుకోగలమా?
– ఓ గృహిణి, హైదరాబాద్

చాలావరకు తేల్చుకోవచ్చు. స్పష్టంగా ఉన్న చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. చానల్ లోగో, స్క్రోలింగ్ కత్తిరించేయండి. లేకపోతే వెతుకులాట ఆ అక్షరాల చుట్టూనే తిరుగుతుంది. బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లోనూ యాండెక్స్‌లోనూ వెతికి, అన్నిటికన్నా పాత తేదీ చూడండి. దొరక్కపోతే బొమ్మని కుడిఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. అప్పటికీ దొరకలేదంటే నిజమని కాదు, ఇంకా తేలలేదని.

చప్పుడు కూడా పట్టిస్తుంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకి మూడు సెకన్లు. ఎక్కడో దూరాన పేలుడు వెలుగు, ఆ క్షణానే ఢామ్మన్న మోత ఉంటే ఆడియో అతికించారని అనుమానించండి. చీకటి, మసక, ఊగే కెమెరా, ఎక్కడా మనిషి కదలిక లేకపోవడం: ఇవన్నీ కలిస్తే ‘ఆర్మా 3’ వీడియో గేమ్ కావచ్చు. పలు దేశాల్లో దాన్నే యుద్ధమని చూపించారు.

టీవీలో వచ్చింది కదా అనీ ఊరుకోకండి. 2025 మే 8 రాత్రి మన నౌకాదళం కరాచీ ఓడరేవు మీద దాడి చేసిందని దేశంలో పలు చానళ్లు ఊదరగొట్టాయి. అలాంటి దాడి జరగలేదు. స్టూడియోల్లో సైరన్ మోతలు ఎంత మితిమీరాయంటే, ఆపమని కేంద్రం లిఖితపూర్వకంగా చెప్పాల్సివచ్చింది.

2003 ఫిబ్రవరి 15న వందల నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. అయినా యుద్ధం ఆగలేదు. మరి ఏం సాధించినట్టు?
– ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు

యుద్ధం ఆగలేదు మాస్టారూ, నిజమే. కానీ టర్కీ సంగతి చూడండి. అమెరికా సేనలు తమ గడ్డ మీదుగా ఇరాక్‌లోకి వెళ్లాలన్న తీర్మానం మార్చి 1న అక్కడి పార్లమెంటుకి వచ్చింది. ఆ రోజే అంకారా వీధుల్లో పెద్ద ప్రదర్శన. అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థం 19. ఎక్కువ ఓట్లు వచ్చినా, హాజరైనవారిలో సగానికి పైన రావాలన్న నిబంధనకి మూడు తగ్గి తీర్మానం వీగిపోయింది. ఉత్తరాన్నుంచి దిగాల్సిన అమెరికా నాలుగో పదాతి డివిజన్ సామగ్రితో టర్కీ దగ్గర ఆగి ఉన్న ఓడలు సూయజ్ దాటి కువైట్‌కి మళ్లాయి. ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతమైన సైన్యం తన దాడి పథకాన్ని మార్చుకోవాల్సివచ్చింది. దీన్ని మన పత్రికలు ఎన్ని కాలమ్‌లలో వేశాయో మీ ఊరి లైబ్రరీలో ఆనాటి బైండ్లు తిరగేసి చూడండి.